వారంటుతో ఇంటిని సోదా చేయనిచ్చే చట్టం సందేశాల దగ్గర ఎందుకు ఆగాలి?

ప్రశ్న: చదువరి

డిజిటల్ హక్కుల మీద త్వరలో జరగబోయే ఒక చర్చలో నేను ఎన్‌క్రిప్షన్‌ను సమర్థిస్తూ మాట్లాడవలసి ఉంది. ఎదుటి పక్షం ఏ ప్రశ్న వేయబోతున్నదో నాకు ముందే తెలుసు. దానికి నా దగ్గరున్న జవాబు నాకే తృప్తిగా లేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

వాళ్ల వాదన ఇలా ఉంటుంది. న్యాయమూర్తి సంతకం చేసిన వారంటు ఉంటే పోలీసులు ఇంటిని సోదా చేయవచ్చు, బ్యాంకు ఖాతా వివరాలు తెప్పించుకోవచ్చు, ఫోను సంభాషణలు వినవచ్చు. గోప్యత హక్కుకు ఏ దేశ చట్టమైనా కొన్ని హద్దులు పెట్టింది. మరి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే పంపినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని, సందేశాలకు మాత్రం న్యాయస్థానం ఆదేశం కూడా చెల్లని మినహాయింపు ఎందుకు ఉండాలి? కంపెనీల దగ్గర ఒక ప్రత్యేకమైన తాళంచెవి ఉంచి, వారంటు చూపినప్పుడు మాత్రమే దాన్ని వాడాలని చట్టం చేస్తే వచ్చే నష్టం ఏమిటి?

“ప్రభుత్వాలను నమ్మలేం” అన్న ఒక్క జవాబు దీనికి చాలదని నా అభిప్రాయం. ప్రభుత్వం నమ్మదగినదే, న్యాయవ్యవస్థ స్వతంత్రమైనదే, పోలీసులు నిజాయితీపరులే అని ఒప్పుకున్న తరువాత కూడా నిలబడే వాదన ఏదైనా ఉందా? ఉంటే, సాంకేతిక పరిజ్ఞానం లేని శ్రోతలకు దాన్ని ఎలా చెప్పాలి? మన వాదనలో బలహీనమైన చోట్లు ఉంటే వాటిని కూడా దాచకుండా చెప్పండి. నిండు సభలో తెలుసుకోవడం కంటే ఇక్కడ తెలుసుకోవడమే మేలు.

జవాబు: లిపికారుడు

చదువరి గారూ, ప్రభుత్వం మంచిదేనని ఒప్పుకుని వాదన మొదలుపెట్టాలన్న మీ షరతు నాకు నచ్చింది. ఈ వాదనకున్న అసలు బలం ఆ షరతు పెట్టుకున్నప్పుడే తెలుస్తుంది.

ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లో తాళంచెవులు రెండు ఫోన్లలోనే తయారవుతాయి. ప్రతి ఫోనూ ఒక రహస్య సంఖ్యను తన దగ్గరే ఉంచుకుని, దాని నుంచి లెక్కగట్టిన ఒక బహిరంగ సంఖ్యను మాత్రమే సర్వరు ద్వారా అవతలి ఫోనుకు పంపుతుంది. తన రహస్య సంఖ్యనూ ఎదుటి ఫోను బహిరంగ సంఖ్యనూ కలిపి లెక్క చేస్తే ఇద్దరికీ ఒకే ఫలితం వస్తుంది. రెండు బహిరంగ సంఖ్యలనూ చూసిన సర్వరు మాత్రం ఆ ఫలితాన్ని రాబట్టడం ఆచరణలో సాధ్యం కాదు. విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లో ప్రచురించిన పద్ధతి ఇది. సిగ్నల్, వాట్సాప్ అనే సందేశాల యాప్‌లు వాడే ప్రోటోకాల్‌లో (సందేశాలు మార్చుకునే నియమావళిలో) దీనికి తోడు ప్రతి సందేశానికీ ఒక కొత్త తాళంచెవి పుడుతుంది, పాతది వాడిన వెంటనే చెరిగిపోతుంది. అందువల్ల దారిలో ఎవరైనా పట్టి దాచుకున్న పాత సందేశాలను, తరువాత ఎప్పుడో చేజిక్కించుకున్న తాళంచెవితో విప్పడం కుదరదు.

ఇందులో “ప్రత్యేకమైన తాళంచెవి”ని ఎక్కడ పెడతారో ఎదుటి పక్షాన్ని అడగండి. చెరిగిపోవలసిన తాళంచెవులను చెరపకుండా ఒకచోట పోగుచేయాలి, లేకపోతే ఏ సంభాషణలోకైనా కనిపించని మూడో మనిషిని చేర్చే సౌకర్యం యాప్‌లోనే పెట్టాలి. పేరు ఏది పెట్టినా అది దొడ్డిదారే. ఇంటి సోదాతో పోలిక ఇక్కడే తెగిపోతుంది. ఒక ఇంటికి వారంటు ఇచ్చినంత మాత్రాన మిగతా ఇళ్ల తలుపులు బలహీనపడవు. సందేశాల సంగతి అలా ఉండదు. రేపు ఎవరు అనుమానితులవుతారో ఈ రోజు తెలియదు కాబట్టి, ఆ ఒక్కరి సంభాషణను విప్పే వీలు ఉండాలంటే కోట్లాది మంది సంభాషణలను ఇప్పటి నుంచే విప్పదగినవిగా ఉంచాలి. ఆ సౌకర్యాన్ని వాడుతున్న వ్యక్తి చేతిలో వారంటు ఉందో లేదో సాఫ్ట్‌వేర్‌కు తెలిసే మార్గం లేదు, లాగిన్ సరైనదా కాదా అన్నంతవరకే దానికి తెలుస్తుంది.

ఇదంతా ఊహ అని అంటే మీరు గ్రీసులో జరిగినది వివరంగా చెప్పండి, సభలో ఎవరూ మరిచిపోరు. ఫోను ఎక్స్ఛేంజీల్లో చట్టబద్ధమైన నిఘా కోసం పెట్టే సాఫ్ట్‌వేర్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి కాల్‌ను చీల్చి నకలు పంపుతుంది, రెండోది ఏ అనుమతి మీద ఎవరి ఫోను వింటున్నారో నమోదు చేస్తుంది. గ్రీసులోని వోడాఫోన్ ఈ రెండో భాగాన్ని కొననే లేదు. మొదటి భాగం మాత్రం 2003లో వచ్చిన అప్‌డేట్‌తో పాటు ఎరిక్సన్ స్విచ్‌లలోకి వచ్చి చేరింది. 2004 ఒలింపిక్స్ కాలంలో ఎవరో ఆ స్విచ్‌లలోకి చొరబడి, నిద్రాణంగా ఉన్న ఆ సౌకర్యాన్ని రహస్యంగా మేల్కొలిపారు. ప్రధానమంత్రి కోస్టాస్ కరమాన్లిస్, మంత్రులు, ఉన్నతాధికారులు కలిపి 100కు పైగా ఫోన్ల సంభాషణలు గుర్తు తెలియని ప్రీపెయిడ్ ఫోన్లకు నకలు వెళ్లాయి. 2005 ఆరంభంలో చొరబాటుదారులు తమ కోడ్‌ను మార్చబోతే కొందరి ఎస్ఎంఎస్‌లు చేరకుండా ఆగిపోయాయి. ఆ ఫిర్యాదుల మీద విచారణ జరపగా అసలు సంగతి బయటపడింది. అప్పటికి నెలల తరబడి ఒక దేశ ప్రధాని ఫోను విన్నారు. అందుకు వాళ్లు ఏ ఎన్‌క్రిప్షన్‌నూ ఛేదించలేదు, పోలీసుల కోసం తయారైన సౌకర్యాన్నే వాడుకున్నారు. ఆ దేశ ప్రభుత్వం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఈ కథలో ఎక్కడా తలెత్తదు.

ఇది ఎప్పటిదో అనుకోవడానికి కూడా లేదు. అమెరికాలో 1994 నాటి కాలియా చట్టం ప్రకారం టెలికాం కంపెనీలు తమ నెట్‌వర్క్‌లను నిఘాకు అనువుగా నిర్మించాలి. 2024లో, చైనా ప్రభుత్వంతో సంబంధం ఉన్నట్టు అమెరికా చెబుతున్న సాల్ట్ టైఫూన్ బృందం పలు టెలికాం కంపెనీల్లోకి చొరబడింది. వినియోగదారుల కాల్ రికార్డులతో పాటు, న్యాయస్థానం ఆదేశాల మేరకు సేకరించే నిఘా సమాచారంలో కొంత భాగాన్ని కూడా ఆ బృందం నకలు తీసుకుందని ఎఫ్‌బీఐ, సైబర్ భద్రతా సంస్థ సీసా ఆ నవంబరులో సంయుక్తంగా ప్రకటించాయి. మరుసటి నెల అదే సీసా, దాడికి గురయ్యే అవకాశం ఉన్న ఉన్నతస్థాయి వ్యక్తులు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే వాడాలని సలహా ఇచ్చింది. మీ సభలో నేనే మాట్లాడవలసి వస్తే ఆ సలహాను మొదటి నిమిషంలోనే చెప్పేవాణ్ని.

ఇంకొక చిన్న సంగతి. 1990లలో అమెరికా ఎగుమతి నిబంధనలు విదేశాలకు పంపే సాఫ్ట్‌వేర్‌లో 512 బిట్ల బలహీనమైన తాళంచెవులను మాత్రమే అనుమతించేవి. ఆ నిబంధనలు సడలించిన చాలా ఏళ్లకు, 2015లో, ఫ్రీక్ అనే లోపం బయటపడింది. పాత బలహీన పద్ధతిని సర్వర్లు ఇంకా అంగీకరిస్తూనే ఉండటం వల్ల దాడి చేసేవాళ్లు కొత్త బ్రౌజర్లను కూడా దానిలోకి దించగలిగారు. చట్టం రద్దయినంత సులువుగా కోడ్ రద్దు కాదు.

జవాబు: తర్కపాళి

న్యాయశాస్త్రం వైపు నుంచి నాలుగు మాటలు చేరుస్తాను. “గోప్యత నిరపేక్షమైన హక్కు కాదు” అన్న ఎదుటి పక్షం మాటను చదువరి గారు వెంటనే ఒప్పుకోవాలి. 1948 విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 12వ అధికరణం, 1966 పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 17వ అధికరణం నిషేధించింది ఏకపక్షమైన జోక్యాన్ని మాత్రమే. ఏ జోక్యమైనా చట్టంలో స్పష్టంగా ఉండాలి, న్యాయమైన లక్ష్యానికి అవసరమై ఉండాలి, ఆ లక్ష్యానికి తగిన మోతాదును మించకూడదు అన్నవి న్యాయస్థానాలు సాధారణంగా చూసే మూడు అంశాలు. దొడ్డిదారి చట్టాలు దెబ్బతినేది ఎక్కువగా ఈ మూడోదాని దగ్గరే.

దీనికి నేరుగా సరిపోయే తీర్పు ఒకటుంది. రష్యా భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ 2017లో కొందరు అనుమానితుల సందేశాలను విప్పడానికి కావలసిన సమాచారం ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. ఆ కొద్దిమంది కోసం అడిగినది చేయాలంటే అందరి ఎన్‌క్రిప్షన్‌నూ బలహీనపరచక తప్పదని వాదిస్తూ ఒక వినియోగదారుడు వేసిన కేసులో, పోద్చాసోవ్ వర్సెస్ రష్యా, యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2024 ఫిబ్రవరి 13న తీర్పు చెప్పింది. ఏ అనుమానమూ లేని వాళ్లందరి మీద కూడా ప్రభావం చూపే అటువంటి బాధ్యతను కంపెనీ మీద మోపడం ప్రజాస్వామ్య సమాజంలో అవసరమైన చర్య అనిపించుకోదని న్యాయస్థానం అన్నది. లిపికారుడు గారు సాంకేతికంగా వివరించిన కారణమే ఇక్కడ న్యాయసూత్రంగా మారింది.

సందేశాల పాఠం జోలికి పోకుండా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలను మాత్రమే అందరివీ 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా దాచిపెట్టమన్న 2006 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశాన్ని కూడా యూనియన్ న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న, డిజిటల్ రైట్స్ ఐర్లండ్ కేసులో, చెల్లదని కొట్టివేసింది. అక్కడ కూడా ప్రధానమైన అభ్యంతరం ఒక్కటే, అనుమానితులూ కానివాళ్లూ అన్న తేడా లేకుండా అందరినీ ఒకే గాటన కట్టడం.

జవాబు: ఎదురుమాట

పై ఇద్దరూ చెప్పినది నేను కాదనను కానీ, ఎదుటి పక్షంలో అత్యంత బలమైన వాదనను ఇద్దరూ దాటవేశారు. అది ఉగ్రవాదం గురించినది కాదు, పిల్లల గురించినది.

పిల్లల మీద లైంగిక అత్యాచారాల చిత్రాలను గుర్తించే ఫోటోడీఎన్‌ఏ వంటి పద్ధతులు 2009 నుంచీ ఉన్నాయి. తెలిసిన చిత్రాల నుంచి లెక్కగట్టిన సంఖ్యల పట్టికతో సర్వరులోని చిత్రాలను పోల్చి చూస్తారు. సర్వరుకు చిత్రం కనిపించినంత కాలం ఇది పనిచేస్తుంది. 2023 డిసెంబరులో ఫేస్‌బుక్ వారి మెసెంజర్ యాప్‌లో వ్యక్తిగత సంభాషణలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌ను సహజ అమరికగా మార్చడం మొదలైనప్పుడు, ఆ దారిన ఇంతకాలం బయటపడుతున్న నేరాలు ఇక కనిపించవని పిల్లల రక్షణ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరం వాస్తవమైనది. గోప్యత గురించి మాట్లాడేవాళ్లు దీన్ని ఒక సాకుగా కొట్టిపారేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు, ఎందుకంటే ఆ చిత్రాల్లో ఉన్న పిల్లల గోప్యత కూడా గోప్యతే.

తాళంచెవిని ఎవరికీ ఇవ్వనక్కర లేకుండా, సందేశం ఎన్‌క్రిప్ట్ కాకముందే ఫోనులోనే పోల్చి చూసే పద్ధతి ఉంది కదా. 2022 మేలో యూరోపియన్ కమిషన్ తెచ్చిన ప్రతిపాదన మీద వాదోపవాదాలన్నీ దీని చుట్టూనే జరిగాయి. దీనికి మీ జవాబు ఏమిటి?

జవాబు: లిపికారుడు

ఎదురుమాట గారూ, మీరు చెప్పిన నష్టం నిజమైనదే. చదువరి గారు కూడా సభలో దాన్ని తగ్గించి చెప్పకూడదు.

ఫోనులోనే పోల్చే పద్ధతిని పెద్ద ఎత్తున తేబోయిన కంపెనీ ఆపిల్. 2021 ఆగస్టులో ఆ ప్రణాళికను ప్రకటించింది. చాలా జాగ్రత్తగా ఆలోచించిన రూపకల్పన అది. సుమారు 30 చిత్రాలు సరిపోలితే తప్ప కంపెనీకి ఏమీ తెలియని విధంగా గణితం అల్లారు. అయినా ప్రకటన వచ్చిన కొద్ది వారాల్లోనే పరిశోధకులు, పొంతనే లేని రెండు చిత్రాలకు ఒకే సంఖ్య వచ్చేలా చేసి చూపించారు. సెప్టెంబరులో వాయిదా వేసి, 2022 డిసెంబరులో ఆపిల్ ఆ ప్రణాళికను పూర్తిగా విరమించుకుంది.

పొరపాట్ల కంటే పెద్ద సమస్య మరొకటి ఉంది. ఫోనులో ఉండే పట్టిక సంఖ్యల వరుస మాత్రమే. అందులో ఏ సంఖ్య ఏ చిత్రానిదో ఫోను యజమానికి తెలియదు, స్వతంత్ర పరిశోధకులూ చూడలేరు. పట్టికలో రేపు ఒక నిరసన కరపత్రాన్నో వ్యంగ్య చిత్రాన్నో చేరిస్తే యంత్రం అదే విశ్వాసంతో దాన్ని కూడా పట్టి ఇస్తుంది. చదువరి గారి షరతు ప్రకారం మన ప్రభుత్వం మంచిదే అనుకుందాం. కానీ ఆ ఫోన్లు అమ్ముడయ్యే దేశాలన్నిటిలో ఆ షరతు వర్తించదు కదా. ఒక దేశం కోసం కట్టిన యంత్రాన్ని మరో దేశం అడిగినప్పుడు “మా దగ్గర అలాంటిది లేదు” అనే జవాబు కంపెనీకి ఇక మిగలదు.

తప్పు గుర్తింపుల లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. ఒక సేవలో రోజుకు 100 కోట్ల చిత్రాలు వెళ్తున్నాయని, యంత్రం 10 లక్షలకు ఒక్కసారే పొరబడుతుందని అనుకుందాం. అంత తక్కువ పొరపాటుతో కూడా రోజుకు 1,000 నిర్దోషమైన చిత్రాల మీద అనుమానం పడుతుంది, వాటిలో కొన్ని తల్లిదండ్రులు వైద్యుడికి పంపినవి కావచ్చు.

నాకు మేలు అనిపించేది వినియోగదారులే ఫిర్యాదు చేసే ఏర్పాటును బలపరచడం. సందేశం అందుకున్నవారు దాన్ని తమంతట తాముగా కంపెనీకి చూపించడానికి ఎన్‌క్రిప్షన్ అడ్డు రాదు. అపరిచితులైన పెద్దలు పిల్లల ఖాతాలకు సందేశాలు పంపకుండా ఆపడానికీ పాఠం చదవనక్కరలేదు. ఇవి మీరు చెప్పిన నష్టాన్ని పూర్తిగా పూడ్చవని నాకు తెలుసు.

మళ్లీ: చదువరి

అందరికీ కృతజ్ఞతలు. గ్రీసు ఉదంతాన్ని తప్పక వాడుకుంటాను. ఒక ఉప ప్రశ్న ఉంది. “ఎన్‌క్రిప్షన్ వల్ల పోలీసులు చీకట్లో పడిపోయారు” అని ఎదుటి పక్షం అంటుంది. పాఠం కనిపించకపోయినా మిగతా వివరాలు కనిపిస్తాయి కదా అని నేను అంటే, అది నిజమే అవుతుందా? నిజమే అయితే, మన గోప్యత దృష్ట్యా అది మరో సమస్య కాదా?

జవాబు: తీగకాపరి

నెట్‌వర్క్‌లు నడిపే పని నాది కాబట్టి దీనికి నేను జవాబిస్తాను. రెండూ నిజమే, రెండింటినీ సభలో చెప్పవచ్చు.

పాఠం ఎన్‌క్రిప్ట్ అయినా, మీరు ఎవరితో, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఎక్కడి నుంచి మాట్లాడారన్న వివరాలు ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంటాయి. వెబ్‌సైటు తెరిచినప్పుడు పేజీలోని విషయం దారిలో కనిపించకపోయినా, ఏ సైటును అడుగుతున్నారో ఆ పేరు చాలా సందర్భాల్లో ఇప్పటికీ మొదటి పలకరింపులోనే తెరిచిన కాగితంలా వెళ్తుంది. ఇటువంటి వివరాలు ఎంత పదునైనవో చెప్పడానికి 2013లో వచ్చిన ఒక పరిశోధన చాలు. 15 లక్షల మంది ఫోన్ల కదలికలను పేర్లు తీసేసి పరిశీలించగా, సమయంతో సహా కేవలం 4 చోట్లు తెలిస్తే 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడదీసి గుర్తించవచ్చని తేలింది. పేరు తీసేశామన్న హామీని నేను అప్పటి నుంచీ పెద్దగా లెక్కలోకి తీసుకోవడం లేదు.

అయితే ఎంత నమోదవుతుందన్నది సేవను ఎలా కట్టారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2016లో అమెరికాలోని ఒక గ్రాండ్ జ్యూరీ సమన్లకు సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే వివరాలు: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వరుతో కలిసిన తేదీ. ఆదేశాన్ని ధిక్కరించలేదు, దాచుకోనిదాన్ని ఇవ్వలేకపోయింది. మిగతా చాలా కంపెనీలు ప్రకటనల వ్యాపారం కోసం ఎంతో ఎక్కువ పోగుచేస్తాయి. దర్యాప్తు సంస్థలు అడిగేది కూడా ఆ గుట్టనుంచే.

బ్యాకప్‌ల సంగతి కూడా చాలామంది మరిచిపోతారు. సందేశం దారిపొడవునా భద్రంగా వచ్చి, రాత్రికి తాళం లేకుండా క్లౌడ్‌లోకి నకలు వెళ్తే, వారంటు ఆ క్లౌడ్ కంపెనీ దగ్గర చక్కగా పనిచేస్తుంది. వాట్సాప్ 2021లో ఎన్‌క్రిప్ట్ అయిన బ్యాకప్‌లను ప్రవేశపెట్టింది కానీ, ఆ అమరికను వాడేవారే వెతికి పెట్టుకోవాలి. ఐక్లౌడ్‌లో అటువంటి రక్షణను 2022 చివర ప్రవేశపెట్టిన ఆపిల్, బ్రిటన్ ప్రభుత్వం రహస్య ఆదేశం ఇచ్చిందన్న వార్తల తరువాత, 2025 ఫిబ్రవరిలో ఆ దేశంలో కొత్తవారికి దాన్ని ఇవ్వడం మానేసింది.

తర్కపాళి గారు చెప్పిన రష్యా కేసుకు నెట్‌వర్క్ వైపు ఒక కొనసాగింపు ఉంది. తాళంచెవులు ఇవ్వనన్న టెలిగ్రామ్‌ను 2018 ఏప్రిల్‌లో రష్యా నిషేధించింది. టెలిగ్రామ్ అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లలోకి మారుతూ పోయింది, అధికారులు ఆ క్లౌడ్‌ల ఐపీ చిరునామాలను గుత్తగా, కోటికి పైగా, నిరోధించారు. ఏ సంబంధమూ లేని సైట్లూ వ్యాపారాలూ ఆగిపోయాయి, టెలిగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది. 2020 జూన్‌లో నిషేధాన్ని ఎత్తేశారు. గోప్యత మీద మొదలైన పోరు చివరకు తెరిచి ఉన్న ఇంటర్నెట్ మీదకు ఎలా వస్తుందో మీరు శ్రోతలకు చూపించదలిస్తే నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

జవాబు: ఎదురుమాట

ఇవన్నీ విన్నాక కూడా ఒకటి అడుగుతాను. అందరి తాళాలూ బలహీనపరచకూడదు, సరే. అనుమానితుడి ఒక్క ఫోనులోకే పోలీసులు చొరబడితే మీకు అభ్యంతరం ఉండదా?

జవాబు: తర్కపాళి

సూత్రప్రాయంగా నాకు అది తక్కువ హానికరంగానే కనిపిస్తుంది. చదువరి గారి బలహీనమైన చోటు కూడా ఇదే కాబట్టి సిద్ధపడి ఉండాలి. ఒక్కొక్క ఫోను మీద శ్రమ, ఖర్చు పెట్టవలసి వస్తే ఎవరిని ఎంచుకోవాలో ఆలోచించవలసి వస్తుంది, ఆ మేరకు మోతాదు అదుపులో ఉంటుంది. కానీ 2021లో ఫోన్లలోకి చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్ గురించి పలు దేశాల పత్రికలు కలిసి బయటపెట్టిన కథనాలు చూస్తే, నేరస్తుల కోసమని అమ్మిన పరికరం పాత్రికేయులు, హక్కుల కార్యకర్తల ఫోన్లలో తేలింది. పైగా ఫోనులోని లోపాన్ని తయారీదారుకు చెప్పకుండా దాచుకుంటేనే ఆ చొరబాటు సాధ్యం, ఆ లోపం అదే రకం ఫోను వాడే అందరి దగ్గరా ఉంటుంది.

“ఒక్క ఫోను” అన్న హద్దు కూడా ఎల్లప్పుడూ నిలవదు. నేర ముఠాలు విస్తృతంగా వాడిన ఎన్‌క్రోచాట్ ఫోన్ల వ్యవస్థలోకి 2020లో ఫ్రెంచి, డచ్ దర్యాప్తు సంస్థలు చొరబడ్డాయి. ఫలితంగా యూరప్ అంతటా వేలాది అరెస్టులు జరిగాయి, అందరికీ దొడ్డిదారి లేకుండా కూడా పోలీసులు ఎంత చేయగలరో చెప్పడానికి మీరు దీన్ని వాడుకోవచ్చు. అయితే అక్కడ సేకరించినది ఆ సేవ వాడినవాళ్లందరి సమాచారాన్నీ గంపగుత్తగా, చొరబాటు ఎలా జరిగిందన్నది ఫ్రాన్సులో సైనిక రహస్యంగా ఉంచారు. ఆ సాక్ష్యాల మీద యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2024 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పులో, ఒక సాక్ష్యం గురించి నిందితుడు సమర్థంగా మాట్లాడే అవకాశం లేకపోతే, ఆ సాక్ష్యం తీర్పును ప్రధానంగా ప్రభావితం చేయగలదైతే, క్రిమినల్ కోర్టులు దాన్ని పక్కనపెట్టాలని చెప్పింది. ఎదుటి పక్షం ఫోను చొరబాటును ప్రత్యామ్నాయంగా ముందుకు తెస్తే, లోపాలను ఎంతకాలం దాచుకోవచ్చు, చొరబడిన పద్ధతిని నిందితుడి న్యాయవాదికి ఎంతవరకు చూపించాలి అన్న రెండు విషయాల్లో వాళ్లు ఏ నియమాలకు సిద్ధంగా ఉన్నారో సభలోనే అడగండి.